దగ్గు వినిపించని మంద

కంచె పక్కన పడి ఉన్న జింక పిల్లను దూరం నుంచి చూసి, రాత్రి ఏదో చూసి బెదిరి తీగల మీదికి దూకిందేమో, మెడ విరిగిందేమో అనుకున్నా. దగ్గరికి వెళ్తే దెబ్బ ఆనవాళ్లేమీ లేవు. కాళ్లు కొట్టుకున్నట్టు గడ్డి కూడా నలగలేదు. మెడ ముందుకు చాచి, నోరు కొంచెం తెరిచి, ముక్కు దగ్గర తెల్లటి నురగతో ఉంది. ముందురోజు సాయంత్రం అది మిగతా వాటితో పాటు గడ్డి కొరుకుతుండగా చూశాను. అది ఏప్రిల్ 9. దక్షిణార్ధగోళంలో శరదృతువు నడిమధ్య. న్యూజిలాండ్ సౌత్‌ల్యాండ్‌లో పొద్దున్నే మంచుకు బూట్లు తడిసిపోయే రోజులు.

నేను మహబూబ్‌నగర్ జిల్లా వాణ్ని. మాది గొర్రెలు కాచే ఇల్లు. మా నాయిన మందలో నల్ల గొర్రెలు నూటయాభై దాకా ఉండేవి. వ్యవసాయం చదువుకుందామని ఇక్కడికి వచ్చి, చదువు అయ్యాక జింకల ఫారంలో పనికి కుదిరాను. ఇది నాలుగో ఏడు. ఈ సంగతి ఇంటి దగ్గర ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే, జింకల్ని పెంచితే కేసు పెట్టరా అని. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వల్ల దుప్పిని గానీ కణితిని గానీ ఇంట్లో కట్టేసుకోవడానికి వీల్లేదు. న్యూజిలాండ్ కథ వేరు. ఇక్కడ జింక అసలు స్థానిక జంతువే కాదు. వేట సరదా కోసం పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ నుంచి రెడ్ డీర్‌ని ఓడల్లో తెచ్చి కొండల్లో వదిలారు. వాటిని తినే జంతువు ఇక్కడ లేకపోవడంతో అడవులు బోడి అయ్యేంతగా పెరిగిపోయాయి. ప్రభుత్వమే వేటగాళ్లకు జీతాలిచ్చి చంపించింది. తర్వాత మాంసానికి యూరప్‌లో గిరాకీ ఉందని తెలిసింది. 1970లో మొదటి జింకల ఫారానికి లైసెన్సు ఇచ్చారు. హెలికాప్టర్ల నుంచి వలలు విసిరి అడవి జింకల్ని బతికుండగా పట్టుకొచ్చి కంచెల్లో వేశారు. మాకు దగ్గర్లో మాస్‌బర్న్ అనే చిన్న ఊరుంది, దాన్ని జింకల రాజధాని అంటారు. రెడ్ డీర్ ఎలా ఉంటుందంటే మన కణితిని గుర్తు చేసుకోండి, దాదాపు అలాంటి ఒడ్డూ పొడుగే.

నవంబర్, డిసెంబర్లలో ఆడజింకలు ఈనుతాయి. మార్చి మొదట్లో, పోతులు ఎదకొచ్చి అరుపులు మొదలుపెట్టే ముందు, పిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తాం. విడదీసిన మూడు రోజుల దాకా రాత్రుళ్లు నిద్ర ఉండదు. కంచెకు అటు తల్లులు, ఇటు పిల్లలు. ఆ ఏడు 184 పిల్లల్ని విడదీశాం. వాటి బాధ్యత మొత్తం నాదే అని యజమాని చెప్పాడు. మొదటిసారి ఒక మంద నా చేతికి వచ్చింది.

మార్చి 4న విడదీసిన రోజే నట్టల (ఒంట్లో చేరే పురుగుల) మందు తాగించాను. అది ఆల్బెండజోల్, మా ఊళ్లో నట్టల నివారణ అంటూ పశువైద్య శాఖ వాళ్లు వచ్చి గొర్రెలకు పట్టే తెల్ల మందే. చిన్నప్పటి నుంచి చేత్తో పట్టిన మందు కాబట్టి నాకు ధైర్యం ఎక్కువ. ఆ ధైర్యంతోనే మూడు తప్పులు చేశాను. తూకం యంత్రం షెడ్డులోనే ఉన్నా, పని తొందరలో పిల్లలన్నీ 45 కిలోలుంటాయని కంటితో లెక్కేసి గొట్టం అంతకు సరిచేశాను. గొర్రెకిచ్చే లెక్క జింకకు సరిపోదు, దాని ఒంట్లో మందు చాలా త్వరగా కరిగి బయటికి పోతుంది. 45 కిలోల మోతాదు 55 కిలోల పిల్లకు పడితే నట్టలు చావవు, మందు రుచి మరిగి గట్టిపడతాయి. ఇది మొదటిది. షెడ్డుకు దగ్గరని, రోజూ చూసుకోవచ్చని, పోయిన ఏడు పిల్లలు తిరిగిన ప్యాడక్‌లోకే (కంచె వేసిన గడ్డి పొలంలోకే) వీటినీ తోలాను. ఇది రెండోది. ఈ తెల్ల మందు తాగిన రోజు పనిచేస్తుంది తప్ప ఒంట్లో నిలవదు. మర్నాడు తిన్న గడ్డితో కొత్త నట్ట లోపలికి పోవచ్చు. అందుకే మూడు, నాలుగు వారాలకోసారి మళ్లీ పట్టాలి. మార్చి నెలాఖర్లో పట్టాల్సింది, పోతుల పని, కంచె మరమ్మతు, వానలు అంటూ వాయిదా వేస్తూ పోయాను. పిల్ల చచ్చిన రోజుకి మందు పట్టి 36 రోజులు. మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది.

ఆలోచిస్తే, దానికి పది రోజుల ముందు నుంచే నాకు కనబడుతూనే ఉంది. గేటు తీసినప్పుడు ఆరేడు పిల్లలు చివర్లో వచ్చేవి. వాటి బొచ్చు నిక్కబొడుచుకుని, మట్టి రంగుకు తిరిగి, వెలుగు లేకుండా ఉండేది. చెవులు కొంచెం కిందికి వాలి ఉండేవి. తల్లిపాలు మానిన దిగులు అనుకున్నాను. ఇంకా దిగులేమిటి, నెల దాటిందిగా అని నాకే అనిపించాల్సింది. ఊపిరితిత్తుల జబ్బు అన్న ఆలోచన నాకు వచ్చింది కూడా. వచ్చి, రెండు సాయంత్రాలు కంచె దగ్గర నిలబడి చెవి ఒగ్గి విన్నాను. ఒక్క దగ్గు లేదు. చలికాలం తెల్లవారుజామున మా గొర్రెల దొడ్డిలో జబ్బు పడ్డ పిల్ల ఉంటే, ఇంట్లో పడుకున్న నాయినకు దగ్గు వినబడి లేచేవాడు. నేను ఆ దగ్గు కోసమే చూశాను. అది లేదు కాబట్టి జబ్బు లేదనుకున్నాను.

వెట్‌కి, అంటే పశువైద్యురాలికి, ఫోన్ చేస్తే గంటన్నరలో వచ్చింది. ఆమె ముందు పిల్ల వెనకభాగం చూసింది. పారుడు లేదు, తోక శుభ్రంగా ఉంది. ఈ కాలంలో పిల్ల జింకలు హఠాత్తుగా పోతే ఇక్కడ మొదట అనుమానించేది యెర్సీనియా అనే సూక్ష్మజీవి తెచ్చే పేగుల జబ్బును. దానికి టీకా కూడా ఉంది, మేం వేయించాం. చుట్టుపక్కల ఈనిన గొర్రెలు ఉన్నాయా అని కూడా అడిగింది. గొర్రెల్లో ఏ హానీ చేయకుండా ఉండే ఒక వైరస్ జింకకు సోకితే ప్రాణం తీస్తుంది. ఆ మాట విన్నప్పుడు నాకు ఎలాగో అయింది. గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాణ్ని. ఆ దగ్గర్లో గొర్రెలు లేవు.

తర్వాత గడ్డి మీదే ప్లాస్టిక్ పట్టా పరిచి కోసి చూసింది. ఆ దృశ్యం నా కళ్లలోంచి పోదు. గొంతు నుంచి గుండె వైపు దిగే గాలిగొట్టాన్ని కత్తెరతో పొడుగునా చీల్చింది. లోపల నురగ. ఆ నురగలో తెల్లగా, సన్నగా, ఉడికిన సేమ్యాలాగా చిక్కుపడి నట్టలు. కొన్ని ఇంకా కదులుతున్నాయి. ఒకదాన్ని వేలితో లాగి నా చేతి మీద పెట్టింది, బొటనవేలంత పొడుగుంది. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టం చీలే ప్రతి కొమ్మలోనూ అవే. ఊపిరితిత్తి వెనక అంచులు గులాబీ రంగు పోయి, కాలేయంలాగా ముదురు ఎరుపుకి తిరిగి గట్టిపడ్డాయి. ఒక ముక్క కోసి బకెట్ నీళ్లలో వేసింది. మంచి ఊపిరితిత్తి ముక్క తేలుతుంది. అది మునిగిపోయింది.

"ఇంత ఉన్నా దగ్గలేదే?" అన్నాను. జింక అంతేనట. మేకా, ఆవూ దగ్గి చెబుతాయి. జింకకు గాలిగొట్టం నిండా నట్టలున్నా దగ్గకపోవచ్చు. అడవిలో జబ్బును దాచుకున్నదే బతికింది, బయటపెట్టినదాన్ని తోడేలు తిన్నది. ఇక్కడ తోడేళ్లు లేవు, అలవాటు మాత్రం పోలేదు.

ఈ నట్ట బతుకు ఎలా సాగుతుందో ఆ రోజు పట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్పించుకున్నాను. శాస్త్రం పేరు డిక్టియోకాలస్ ఎకర్టి. తల్లి నట్ట గాలిగొట్టంలో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు కఫంతో పైకొచ్చి, మింగితే కడుపులోకి పోయి, పెంటికలతో బయట పడతాయి. తేమా, కాస్త వెచ్చదనమూ ఉంటే వారం రోజుల్లో గడ్డి ఎక్కి అంటుకునే స్థితికి వస్తాయి. ఆ గడ్డి తిన్న జింక పిల్ల పేగు గోడ దాటి, శోషరస గ్రంథుల (లింఫ్ నోడ్ల) దారిన ఊపిరితిత్తులకు చేరతాయి. లోపలికి పోయిన దగ్గర్నుంచి మళ్లీ గుడ్లు పెట్టడానికి మూడు వారాలు. పెద్ద జింకకు కొన్నేళ్లలో తట్టుకునే శక్తి వస్తుంది. మూడు, నాలుగు నెలల పిల్లకు అది ఉండదు. మూడు వారాల లెక్క విన్నాక నేను వదిలేసిన 36 రోజుల ఎడం నాకు పూర్తిగా అర్థమైంది. ఒక తరం నట్టలు పెరిగి, గుడ్లు పెట్టి, రెండో తరాన్ని గడ్డి మీద పరిచేంత సమయం ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం మంద చుట్టూ తిరిగితే చెట్ల వరుస కింద రెండో పిల్ల చనిపోయి కనబడింది.

రాత్రి నాయినకు ఫోన్ చేశాను. ఆయన పిల్లలెన్ని పోయాయని అడగలేదు.

"దగ్గుతలేవా?" అన్నాడు.

"జింక దగ్గదంట నాయినా."

"దగ్గకుంటే ఏమాయె. మరి ఇన్నొద్దులు నువ్వేం జూసినవ్? రోగమొచ్చిన జీవం ముందుగాల మందను ఇడుస్తది బిడ్డా. పొద్దుగాల దొడ్డి తలుపు దీస్తే ఏది ఎనకవడ్తున్నదో సూడు. దగ్గు తర్వాతొస్తది. నేను ముప్పై ఏండ్ల సంది గదే జూస్తున్న."

నేను చెప్పకపోయినా, వెనకబడ్డ పిల్లల్ని చూసి కూడా వదిలేశానని ఆయనకు అర్థమైంది. ఇంకేం అనలేదు. "రేపు తోలేటప్పుడు ఉరికియ్యకు" అని మాత్రం అన్నాడు.

వెట్ కూడా అదే మాట చెప్పింది. గాలి అందని పిల్లను పరుగెత్తిస్తే దారిలోనే పోతుంది. అందుకని ఆ రాత్రే షెడ్డు వైపు గేట్లన్నీ తెరిచి పెట్టాం. పొద్దున్నే మోటర్‌బైకు వాడలేదు, కుక్కను తీసుకెళ్లలేదు. యజమానీ నేనూ చేతులు కొద్దిగా చాచి, చాలా వెనక నుంచి, నడిచి నడిచి ఆగుతూ తోలాం. రోజూ పది నిమిషాలు పట్టే దారికి ఆ రోజు రెండు గంటలు పట్టింది. సగం దారిలో ఒక పిల్ల నిలబడిపోయింది. డొక్కలు ఎగరేస్తోంది. తల ముందుకు చాచింది. అప్పుడు విన్నాను, ఒక్కటే ఒక్క దగ్గు, ఎవరో గొంతు సవరించుకున్నంత మెత్తగా. ఆ చప్పుడు కోసం నేను రెండు సాయంత్రాలు కంచె దగ్గర కాచుకున్నాను. గాలి అటు వీస్తే అది కూడా వినబడేది కాదు.

జింకల షెడ్డు చీకటిగా ఉంటుంది. గోడలు ప్లైవుడ్, పైనుంచి సన్నని వెలుగు. చీకట్లో జింక నిమ్మళిస్తుంది, వెలుగులో గోడలెక్కాలని చూస్తుంది. లోపల పెద్దగా మాట్లాడకూడదు, ఇనప గేటు కొట్టుకోకూడదు. నేను నాయిన గొర్రెలకు చేసినట్టే నాలుకతో టిక్ టిక్ అంటూ వాటి మధ్య నడుస్తాను. ఆ చప్పుడుకి అవి కూడా అలవాటు పడ్డాయి.

ఈసారి ఒక్కొక్కదాన్నీ తూచాం. సగటు 47 కిలోలు. అన్నిటికన్నా పెద్దది 61. చివర్న వచ్చేవి 36, 38. నా కంటి లెక్క ఎంత పనికిమాలిందో ఆ తెర మీద అంకెలు చెప్పాయి. వెట్ ఈసారి తెల్ల మందు వద్దని, ఒంట్లో కొన్నాళ్లు నిలిచే మాక్సిడెక్టిన్‌ని చర్మం కింద సూదిగా ఎంచుకుంది. వీపు మీద పోసే రకమూ ఉంది, ఒక్కో పిల్ల ఒంట్లోకి ఒక్కోలా ఎక్కుతుందని ఆమె దాని మీద ఆధారపడలేదు. మోతాదు ప్రతి పిల్లకూ దాని తూకాన్ని బట్టే. అంకె ఇక్కడ రాయడం లేదు. ఏ మందైనా జింకకు మోతాదు వెట్ నోటి నుంచే వినాలి. గొర్రెల డబ్బా మీద రాసింది చదివి నేను చేసిన పని ఇంకొకరు చేయకూడదు.

నట్టలు చంపితే పని అయిపోదని అప్పుడే తెలిసింది. నట్టలు కొరికి పాడుచేసిన ఊపిరితిత్తిలో సూక్ష్మజీవులు చేరి న్యుమోనియా తెస్తాయి. పైగా చచ్చిన నట్టలు ఆ గొట్టాల్లోనే కుళ్లి వాపు తెస్తాయి, మందేసిన రెండు మూడు రోజులు పిల్ల ఇంకా కుంగొచ్చు. ఏ పిల్లకు న్యుమోనియా ఉందో తేల్చడం కూడా కష్టమే. జ్వరం చూద్దామంటే, జింకను క్రష్‌లో (కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) పట్టుకున్న భయానికే ఒంటి వేడి పెరిగిపోతుంది, థర్మామీటర్ని నమ్మలేం. వెట్ వాటి ఊపిరిని చూసి, పక్కటెముకల మీద స్టెతస్కోపు పెట్టి, చీకట్లో ఓపిగ్గా వింటూ 14 పిల్లల్ని వేరు చేసింది. వాటికి చాలా రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ మెడ కండరంలో, దాంతోపాటు వాపు తగ్గించే మందు.

ఆ 14ను షెడ్డు పక్కన గాలి తగలని చిన్న ప్యాడక్‌లో పెట్టాం. ఒకటి ఆ రాత్రే పోయింది. ఇంకొకటి నాలుగో రోజు. మంచినీళ్ల తొట్టి పక్కనే మోకాళ్ల మీద వాలి చనిపోయింది. తొట్టి అంచు మీద దాని నోటి నురగ ఎండిపోయి ఉంది. దాన్ని కడుగుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. అసలు మందలో ఇంకొకటి. మొత్తం ఐదు.

మిగతా వాటిని పాత ప్యాడక్‌లోకి తోలలేదు. జనవరిలో సైలేజికి (మాగబెట్టే పచ్చిమేతకు) గడ్డి కోసి, మళ్లీ గడ్డి వచ్చిన పొలం ఒకటి ఖాళీగా ఉంది. విత్తనం వేశాక అక్కడ జింక కాలు పెట్టలేదు కాబట్టి గడ్డి మీద నట్ట పిల్లలు లేవు. ఎర్ర క్లోవర్ అనే మేత మొక్క దట్టంగా ఉంది. కాస్త బార్లీ గింజలు కూడా వరసగా పోశాం. పాత ప్యాడక్‌లోకి ఆవుల్ని పంపాం, అవి గడ్డితో పాటు నట్ట పిల్లల్నీ తినేసి నేలను తేలిక చేస్తాయి. అలాగని ఆవులు పూర్తిగా భద్రం అనుకోకూడదు, వాటి ఊపిరితిత్తుల నట్ట కూడా జింకకు సోకగలదు. అందుకే ముదురు ఆవుల్నే పంపాం, దూడల్ని కాదు.

మందు పనిచేసిందా లేదా అన్నది ఊహకు వదలకూడదని పదకొండో రోజున తాజా పెంటికలు ఏరి ల్యాబ్‌కు పంపాం. మామూలుగా పేడలో గుడ్లు లెక్కపెట్టే పరీక్ష దీనికి పనికిరాదు. ఈ నట్ట గుడ్లు పేడలోకి రావు, పొదిగిన పిల్లలే వస్తాయి. అందుకే పెంటికల్ని పలచటి గుడ్డలో మూటగట్టి గరాటులో నీళ్లలో వేలాడదీస్తారు. బతికున్న పిల్లలు ఈదుకుంటూ కిందికి దిగుతాయి, రాత్రంతా ఉంచి అడుగు నీళ్లు సూక్ష్మదర్శినిలో చూస్తారు. ల్యాబ్‌కు పాడవకుండా చేరాలంటే తాజాగా సంచిలో వేసి గాలి తీసేసి, చల్లగా పంపాలి, ఎండలో ఆరిన పెంటిక ఏమీ చెప్పదు. ఫలితం వచ్చిన రోజు ఫోన్ తీయడానికి చేతులు వణికాయి. ఒక్కటి కూడా కనబడలేదంది వెట్.

మే 8న మళ్లీ తూచాం. సగటు 51 కిలోలు. 28 రోజుల్లో నాలుగు కిలోలు. ఆరోగ్యంగా ఉంటే ఈ పాటికి ఇంకా ఎక్కువ ఉండేవి. వెనకబడ్డ పిల్ల చలికాలంలో ఎదగదు, ఆ కాలంలో జింక తిండే తగ్గించేస్తుంది. ఆ నష్టం సెప్టెంబర్లో వసంతం వచ్చాకే పూడుతుంది, ఈలోగా యూరప్‌కు మాంసం పంపే మంచి ధర నెలలు వచ్చేస్తాయి. యజమాని ఆ లెక్క నాకు చెప్పలేదు. కాగితం మీద నేనే వేసుకున్నాను.

అప్పటి నుంచి మార్చిలో తూకం లేకుండా మందు పట్టలేదు. విడదీసిన రోజే తర్వాతి మూడు తేదీలు వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి పెడతాను, వాన వచ్చినా పోతులు కంచె విరగ్గొట్టినా ఆ తేదీ కదలదు. పిల్లలకు ఏటా కొత్త గడ్డి పొలం కేటాయిస్తాం. ఈ దేశంలో ఫారాల్లో పనికి చేరుతున్న మన పిల్లలు నన్ను అడిగితే మందుల పేర్ల కంటే ముందు ఒకటి చెబుతాను. ఉదయం గేటు తీశాక కదలకుండా నిలబడి మంద అంతా దాటేదాకా చూడండి. ముందొచ్చేవి ఏమీ చెప్పవు.

ఆ 14లో బతికిన 12లో ఒక ఆడపిల్ల ఉంది, పసుపు ట్యాగు, 62వ నంబరు. దారిలో నిలబడిపోయి మెత్తగా దగ్గింది అదే. జూన్‌లో మంచు గడ్డకట్టి గడ్డి కాళ్ల కింద కరకరలాడుతున్న ఒక పొద్దున గేటు తీసి పక్కకు జరిగాను. పిల్లలు ఊపిరి ఆవిర్లు వదులుతూ దాటుతున్నాయి. నేను చివరి దాకా ఆగి, వెనకబడ్డ వాటి చెవులు చూశాను. వాటిలో 62 లేదు. తలెత్తి వెతికితే మంద మధ్యలో, రెండు పిల్లల భుజాల నడుమ దూరి, బార్లీ వరస వైపు పోతోంది.